దేవుడు అందనివాడైతే, ఆయన మీది నమ్మకం ఇంటి నుంచి ఎట్లా వస్తుంది?

అమ్మా, చదివే మిగతావాళ్లకు కూడా తెలియాలి కాబట్టి నీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మీది దేవరకొండ దిక్కు, తాతల కాలం సంది ఎం.బి. (మెన్నొనైట్ బ్రదరెన్) చర్చి కుటుంబం. నల్లగొండ హాస్టల్లో నీతో పాటు గదిలో ఉండే అమ్మాయి ముస్లిం. ఇద్దరూ అబ్రాహామును గౌరవిస్తారు, ఇద్దరూ దేవుడు మనిషి ఊహకు అందడంటారు. ఆ అందనివాడి గురించి నీకు తెలిసింది మీ ఇంట్లో, ఆమెకు తెలిసింది వాళ్లింట్లో. 'నేను ఆ ఇంట్లో పుట్టుంటే ఐదు పూటలా నమాజు చేసేదాన్ని. మరి ఈ నమ్మకం నాదా, మా ఇంటిదా? యూదులైతే తల్లి యూదురాలైతే చాలు, బిడ్డ కూడా యూదే అంటారట. ఇది నిజాన్ని తెలుసుకోవడమా, ఆస్తి పంచుకోవడమా?' అని అడిగావు. వచ్చే ఈస్టరుకు బాప్తిస్మం తీసుకొమ్మని ఇంట్లో అంటున్నారని, ఏం చేయాలో తోచడం లేదని కూడా రాశావు.

నేను చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పాను. పుట్టిన ఇంటిని బట్టే నమ్మకం కదా అన్న ప్రశ్న ఎందరో అడిగారు. దాన్ని దేవుని అతీతత్వంతో, అంటే ఆయన మన ఊహకు అందకపోవడంతో, ముడిపెట్టి అడిగినవాళ్లు మాత్రం తక్కువ. ఆ ముడి దగ్గరే అసలు విషయం ఉంది.

దేవుడు కంటికి కనబడేవాడే అయితే ఎవరి దగ్గరా నేర్చుకునే పని లేదు, ఎవరికి వారే చూసుకుంటారు. కనబడడు కాబట్టే సాక్ష్యం కావాల్సి వచ్చింది. ఒకరు చెప్పాలి, ఇంకొకరు వినాలి, విన్నవాళ్లు తమ పిల్లలకు చెప్పాలి. అంటే దేవుడు అందనివాడు కావడం వల్లనే నమ్మకం ఇంటి నుంచి రావాల్సి వచ్చింది. అయితే ఆ అతీతత్వమే ఇంకో మాట కూడా చెబుతుంది: ఇంట్లో నేర్పిన ఏ ఊహా, ఏ రూపమూ, ఏ వాక్యమూ దేవునికి సరిపోదు అని. కాబట్టి ఈ మూడు మతాల్లోనూ పెద్దలు పిల్లలకు అందించేదాని లోపలే, పెద్దలు అందించినదాన్ని పరీక్షించమనే ఆజ్ఞ కూడా కూర్చుని ఉంది. నీకు వచ్చిన అనుమానం నీ మతానికి బయటి నుంచి వచ్చింది కాదు.

అబ్రాహామునే చూడు. ఆయన తండ్రి తెరహు వేరే దేవతలను కొలిచాడని యెహోషువ గ్రంథం 24వ అధ్యాయం నేరుగా చెబుతుంది. ఖురాన్‌లో ఇబ్రాహీం నక్షత్రాన్ని, చంద్రుణ్ణి, సూర్యుణ్ణి ఒక్కొక్కటిగా చూసి, అస్తమించేవి నాకు దేవుళ్లు కావంటాడు. తండ్రినీ తన జాతినీ నిలదీస్తాడు, విగ్రహాలను పగలగొట్టి పెద్దదాన్ని మాత్రం వదిలి, దాన్నే అడగండి అంటాడు. యూదు రబ్బీలు చెప్పుకున్న పాత కథలో కూడా ఇట్లాంటి ఘట్టమే ఉంది, అక్కడ కర్రను పెద్ద విగ్రహం చేతిలో పెడతాడు. మూడు మతాల వాళ్లూ ఎవరి వారసులమని చెప్పుకుంటారో, ఆయన తన తండ్రి వారసత్వాన్ని కాదని ఇల్లు విడిచి బయలుదేరినవాడు. దీన్ని పక్కన పెట్టి ఈ మతాల్లో వారసత్వం గురించి మాట్లాడలేం.

యూదుల సంగతి ముందు చెబుతాను, నీ ప్రశ్నలో వాళ్లకు కొంత అన్యాయం జరిగింది. సొలొమోను యెరూషలేములో మందిరం కట్టి ప్రతిష్ఠ చేసిన రోజున చేసిన ప్రార్థన మీ బైబిల్లోనే ఉంది, మొదటి రాజుల గ్రంథం 8వ అధ్యాయం. ఆకాశ మహాకాశాలే నిన్ను పట్టలేవు, నేను కట్టిన ఈ మందిరం ఎట్లా పడుతుంది అంటాడు. గుడి కట్టించిన రాజే, కట్టించిన రోజునే ఈ మాట అన్నాడు. మోషే అంతటివాడు నీ మహిమ చూపించమని అడిగితే, నా ముఖం చూసి ఏ నరుడూ బతకడని జవాబు వచ్చింది.

కానీ అవే గ్రంథాల్లో దేవుని చెయ్యి, దేవుని కన్ను, దేవుని సింహాసనం కూడా ఉన్నాయి. వాటిని ఎట్లా చదవాలన్నది 12వ శతాబ్దంలో పెద్ద వాదం. కొర్దోబాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన వైద్యుడు, ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడెస్ (మరణం 1204) దేవునికి శరీరం ఉందనేవాణ్ణి మతభ్రష్టుల్లో లెక్కగట్టాడు. దేవుడు ఇట్లాంటివాడు అని చెప్పే ప్రతి మాటా ఆయన్ని తక్కువ చేస్తుందనీ, ఇట్లాంటివాడు కాడు అని ఒక్కొక్కటీ తీసేస్తూ పోవడమే సరైన దారి అనీ ఆయన వాదం. దక్షిణ ఫ్రాన్సులో ఉన్న సమకాలికుడు రబ్బీ అబ్రాహాము బెన్ దావీదు దీనికి అడ్డుపడ్డాడు. గ్రంథంలోని మాటలను ఉన్నదున్నట్టు చదివి అట్లా నమ్మినవాళ్లలో నీకంటే గొప్పవాళ్లు ఉన్నారు, వాళ్లను భ్రష్టులంటావా అని మందలించాడు. తత్వశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి నేను మైమోనిడెస్ పక్షం ఉంటానని అనుకుంటారు. వాదంలో ఆయన పక్షమే. కానీ రెండో ఆయన మందలింపు కూడా విలువైనది. తాత చెప్పినది తాత చెప్పినట్టే నమ్మి, మంచిగా బతికి పోయిన మామూలు మనిషికి ఆయన అండగా నిలబడ్డాడు.

ఇక తల్లి నుంచి వచ్చే యూదుతనం. తల్లిని బట్టి బిడ్డ యూదు అనే నియమం సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన యూదు ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలోనే ఉంది. అయితే తల్లి నుంచి బిడ్డకు దిగేది నమ్మకమని వాళ్లు అనరు. దిగేది బాధ్యత. సీనాయి కొండ దగ్గర చేసుకున్న ఒడంబడికలో ఆ బిడ్డ పుట్టుకతోనే ఒక పక్షం. దేవుని గురించి ఎన్ని అనుమానాలున్నా విశ్రాంతి దినం పాటించాల్సిన బాధ్యత తీరిపోదు. అందుకే 'ఈ నమ్మకం నాదేనా' అనే నీ ప్రశ్న ఒక యూదు పిల్లను నిన్ను కుదిపినంతగా కుదపకపోవచ్చు.

పుట్టుకతో తలుపు మూసుకుపోతుందా అంటే, దానికి మైమోనిడెస్ రాసిన ఒక ఉత్తరమే జవాబు. ఓబద్యా అనే ఆయన వేరే మతం నుంచి యూదు మతంలోకి వచ్చాడు. ప్రార్థనలో 'మా దేవా, మా పితరుల దేవా' అని ఉంటుంది. నా పితరులు యూదులు కారు కదా, నేను ఆ మాట అనవచ్చా అని అడిగాడు. అందరూ అన్నట్టే నువ్వూ అను, ఒక్క మాటా మార్చనక్కర లేదు, అబ్రాహాము దారిలో నడిచే ప్రతివాడికీ అబ్రాహామే తండ్రి అని మైమోనిడెస్ జవాబిచ్చాడు. అంతటితో ఆగలేదు. నీ వంశం తక్కువదని అనుకోకు, మేం మా వంశాన్ని అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల దాకా చెప్పుకుంటే, నీ వంశం ఎవరి మాటతో లోకం పుట్టిందో ఆయన దాకా పోతుంది అన్నాడు. ఈ విషయం మీద నేను చదివినవాటిలో ఇంతకంటే నాకు నచ్చిన వాక్యం లేదు. దేవుడు అందరికీ సమానంగా అతీతుడు కాబట్టి, ఏ వంశమూ ఆయనకు మిగతావాటికంటే దగ్గరి చుట్టం కాదు. అదే ఓబద్యాకు రాసిన ఇంకో జవాబులో, ముస్లింలు విగ్రహారాధకులు కారనీ, దేవుని ఏకత్వాన్ని కలుషితం చేయకుండా నిలబెట్టుకున్నారనీ కూడా చెప్పాడు. క్రైస్తవాన్ని ఆయన అట్లా చూడలేదు. అది కూడా నువ్వు తెలుసుకోవాలి.

ఎందుకు చూడలేదో నీ గదిలోని అమ్మాయి చెప్పగలదు. ఆమెకూ అదే కష్టం: అతీతుడైన దేవుడు మనిషిగా పుట్టాడంటే అతీతుడెట్లా అవుతాడు? మీ యోహాను సువార్త మొదటి అధ్యాయంలో రెండు మాటలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. 14వ వచనంలో వాక్యం శరీరధారి అయిందని, 18వ వచనంలో ఎవడూ ఎప్పుడూ దేవుణ్ణి చూడలేదని. క్రైస్తవ సిద్ధాంతమంతా ఈ రెంటినీ కలిపి పట్టుకోవడానికి పడిన పాటే. 451లో ఖల్కెదోనులో జరిగిన క్రైస్తవ బిషప్పుల మహాసభ క్రీస్తులోని దైవ, మానవ స్వభావాల గురించి తీర్మానం రాసినప్పుడు వాడిన నాలుగు విశేషణాలూ వ్యతిరేకార్థాలే: కలగలిసిపోకుండా, మారిపోకుండా, విభజన లేకుండా, విడిపోకుండా. ఎట్లా కలిశాయో చెప్పలేదు, ఎట్లా కాదో మాత్రమే చెప్పారు. అంటే దేవుడు దగ్గరికి వచ్చాడని చెప్పే చోట కూడా వాళ్లు అతీతత్వం భాషనే వాడారు. ఆ అమ్మాయి ఒప్పుకుంటుందని అనను. కానీ క్రైస్తవులు దేవుని అతీతత్వాన్ని తేలిగ్గా వదిలేసుకున్నారని మాత్రం అనడానికి లేదు.

వారసత్వం దగ్గర క్రైస్తవం రెండు గొంతులతో మాట్లాడుతుంది. అబ్రాహాము మా తండ్రి అని గర్వపడకండి, దేవుడు ఈ రాళ్ల నుంచి కూడా అబ్రాహాముకు పిల్లలను పుట్టించగలడని బాప్తిస్మమిచ్చు యోహాను గద్దిస్తాడు. ఇంకో పక్క తిమోతికి రాసిన రెండో పత్రికలో, నీ విశ్వాసం మొదట నీ అవ్వ లోయిలో, నీ తల్లి యునీకేలో ఉండింది అని ప్రేమగా గుర్తు చేయడం కనబడుతుంది. క్రైస్తవ వేదాంతి ఆగస్టీను తర్వాతి పాశ్చాత్య క్రైస్తవంలో ఇంకో మలుపు వచ్చింది: తరతరాలుగా పుట్టుకతో దిగేది ఆదాము పాపమనీ, విశ్వాసం మాత్రం దేవుడిచ్చే కృప అనీ. యూదులు ఇట్లా అనుకోరు. ఒకరి భారం ఇంకొకరు మోయరని ఖురాన్ పదే పదే చెబుతుంది. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు కూడా ఆదాము నుంచి వచ్చేది మరణమే కానీ అపరాధం కాదంటాయి.

ఇప్పుడు మీ చర్చి కథకు వస్తాను. నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదేమో అనిపించి ఇది కొంచెం వివరంగా రాస్తున్నాను. 1525 జనవరిలో జ్యూరిక్ నగరంలో కొందరు యువకులు, పసితనంలో తమకిచ్చిన బాప్తిస్మం చెల్లదని, తెలిసి నమ్మిన తర్వాత తీసుకున్నదే బాప్తిస్మమని, ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. ఆ రోజుల్లో అది రాజద్రోహంతో సమానం. వాళ్లలో ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ని 1527లో లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. తర్వాత మెన్నో సైమన్స్ అనే డచ్చి మాజీ పాదిరీ పేరు మీద ఆ సంఘాలకు మెన్నొనైట్లని పేరు వచ్చింది. హింసలు తప్పించుకుంటూ వాళ్లు దేశాలు పట్టుకు తిరిగి, కొందరు దక్షిణ రష్యాలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో, సొంత ఊళ్లు కట్టుకున్నారు. అక్కడ ఏమైందో విను. కొన్ని తరాలకు ఆ ఊళ్లలో పుట్టిన ప్రతివాడూ వయసు రాగానే బాప్తిస్మం తీసుకోవడం మామూలు ఆచారమైపోయింది. ఏ వారసత్వ మతాన్ని కాదని తాతలు ప్రాణాలిచ్చారో, మనవల దగ్గర అదే తిరిగి తయారైంది. దాన్ని సహించలేని కొందరు 1860లో విడిపోయి పెట్టుకున్నదే మెన్నొనైట్ బ్రదరెన్, అంటే మీ ఎం.బి. ఆ సంఘం నుంచే అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ 1890లో నల్లగొండకు మిషనరీలుగా వచ్చారు. తర్వాత అమెరికా నుంచి వచ్చిన ఎం.బి. వాళ్లు నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి వైపు పనిచేశారు. జడ్చర్ల ఆసుపత్రి వాళ్లదే. 'ఇది నా నమ్మకమా, మా ఇంటి నమ్మకమా' అన్న ప్రశ్న నుంచే మీ చర్చి పుట్టింది.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. 1976లో ఏర్పడిన నల్లగొండ కాథలిక్ మేత్రాసనం (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) గుడుల్లో పసిబిడ్డలకే జ్ఞానస్నానం ఇస్తారు. అది గుడ్డి ఆచారం కాదు. దేవుని కృప మన తెలివి కంటే ముందు వస్తుందని వాళ్లు చెబుతారు. ఊహకు అందని దేవుణ్ణి పెద్దవాళ్లు మాత్రం పూర్తిగా అర్థం చేసుకుని నమ్ముతున్నారా, అట్లాంటప్పుడు పసిబిడ్డను అర్థమయ్యేదాకా ఆగమనడం దేనికి? దేవుని అతీతత్వం నుంచే పుట్టిన వాదం ఇది, చాలా బలమైనది.

ఇస్లాంలో అతీతత్వం ఎంత గట్టిదో నీ స్నేహితురాలి దగ్గరే విని ఉంటావు. ఆయన వంటిది ఏదీ లేదు, చూపులు ఆయన్ని అందుకోలేవు అంటుంది ఖురాన్. ఆ గ్రంథమే మెడ నరం కంటే దగ్గరగా ఉన్నాడని కూడా అంటుంది. దేవుడు సింహాసనం మీద ఆసీనుడయ్యాడన్న వాక్యం గురించి మదీనా పండితుడు ఇమామ్ మాలిక్‌ను ఒకరు 'ఎట్లా?' అని అడిగితే, ఆ మాట తెలిసినదే, ఎట్లా అన్నది తెలియనిది, నమ్మడం విధి, ఎట్లా అని తవ్వడం కొత్త పోకడ అన్నాడని చెప్పుకుంటారు. దాదాపు ఆ దారినే 10వ శతాబ్దంలో ఇస్లాం వేదాంతంలోని అష్అరీ సంప్రదాయం గట్టిపరిచింది.

వారసత్వం విషయంలో మూడింటిలోకీ ఎక్కువ తర్జనభర్జన జరిగింది ఇస్లాంలోనే అని నా అభిప్రాయం. 'మా తాతముత్తాతలు దీని మీద నడిచారు, మేమూ నడుస్తాం' అనేవాళ్లను, మీ తాతలకు ఏమీ తెలియకపోయినా నడుస్తారా అని ఖురాన్ నిలదీస్తుంది. మళ్లీ అందులోనే చావు దగ్గరపడిన యాకూబ్ తన కొడుకులను నా తర్వాత ఎవరిని ఆరాధిస్తారని అడిగితే, నీ దేవుణ్ణి, నీ తండ్రులైన ఇబ్రాహీం, ఇస్మాయీల్, ఇస్‌హాఖ్‌ల దేవుణ్ణి అని వాళ్లు చెప్పడం మెచ్చుకోలుగా కనబడుతుంది. తాతలు నడిచారు కాబట్టి నడవడం తప్పు. తాతలు నడిచిన దారి నిజమని తెలిసి నడిస్తే తప్పు లేదు. ప్రతి బిడ్డా సహజ స్వభావంతోనే పుడతాడు, తల్లిదండ్రులు అతణ్ణి యూదుగానో క్రైస్తవుడిగానో అగ్నిపూజకుడిగానో చేస్తారు అన్న ప్రవక్త మాట హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధం.

నీ ప్రశ్నను తొమ్మిది వందల ఏళ్ల కిందట ముస్లిం పండితుడు గజాలీ (1058-1111) అడిగాడు. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా పెరగడం చూశాననీ, దానితో చిన్న వయసులోనే తనకు అనుకరణ బంధం తెగిందనీ రాసుకున్నాడు. నేను కేవలం అనుకరిస్తున్నాను అని ఒకసారి తెలిసిపోయాక ఆ అనుకరణ పగిలిన గాజు లాంటిది, మళ్లీ అతకదు, కరిగించి కొత్తగా పోత పోయాల్సిందే అన్నాడు. గజాలీ బయటికి పోలేదు. బాగ్దాదులో పెద్ద అధ్యాపక పదవి వదులుకుని ఏళ్లపాటు తిరిగి, అదే మతంలోకి, కానీ వేరే మనిషిగా వచ్చాడు. తర్వాతి కాలంలో, 1490లో మరణించిన సనూసీ లాంటి పండితులు ప్రతి ముస్లిమూ దేవుని గురించిన రుజువులు సొంతంగా తెలుసుకోవాల్సిందేనని పట్టుబట్టారు. అంతకు చాలా ముందే గజాలీ ఇట్లాంటి పట్టుదలను తప్పుపట్టాడు: పండితుల్లా వాదించలేని మామూలు జనాన్ని అవిశ్వాసులంటే, దేవుని విశాలమైన కరుణను ఇరుకు చేసి స్వర్గాన్ని కొద్దిమంది పండితులకే రాసిచ్చినట్టని. ఫ్రాన్సు రబ్బీ మందలింపు, ఈ ముస్లిం పండితుని మందలింపు ఒకటే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మన జిల్లాల్లో ఇదంతా పుస్తకాల్లో లేనట్టుగా కూడా నడుస్తుంది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని, బిడ్డ పుడితే సైదులు అనో సైదమ్మ అనో పేరు పెట్టుకునే హిందువులు నల్లగొండ, సూర్యాపేట ఊళ్లలో ఎంతమందో. పీర్ల పండుగకు గుండం చుట్టూ అసైదులా ఆట ఆడేవాళ్లలో అన్ని కులాల వాళ్లూ ఉంటారు. ఆ సైదులుకు వారసత్వంగా వచ్చింది ఒక పేరు, ఒక మొక్కు, ఒక కృతజ్ఞత. ఇస్లాం సిద్ధాంతం ఏదీ రాలేదు. దర్గాలకు మొక్కడం దేవుని అతీతత్వానికి భంగమని వాదించే ముస్లిం పండితులు ఉన్నారు, వాళ్ల వాదంలో తర్కం ఉంది. కానీ అందనివాడు ఎంత అందనివాడైతే, నా మాట ఆయన దాకా చేర్చే మనిషి కోసం జనం అంతగా వెతుక్కుంటారు. కాథలిక్కుల మరియమాత నవదిన ప్రార్థనల్లోనూ, లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సులోనూ నాకు కనబడేది ఆ వెతుకులాటే. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇక నీ తర్కం దగ్గరికి. 'వేరే ఇంట్లో పుట్టుంటే వేరేగా నమ్మేదాన్ని' అన్నది నిజమే. దాన్నుంచి 'కాబట్టి నా నమ్మకం అబద్ధం' అని తేలదు. వెయ్యేళ్ల కిందట పుట్టుంటే భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని నమ్మేదానివి కాదు, అంతమాత్రాన భూమి ఆగిపోదు. దేవుడే లేడనే ఇంట్లో పుట్టి దేవుడు లేడని నమ్మేవాళ్లకు కూడా ఈ వాదం అంతే వర్తిస్తుంది. నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, అది నిజమా అన్నది ఇంకో ప్రశ్న. అయితే ఈ వాదం ఒక పని మాత్రం ఖచ్చితంగా చేస్తుంది: ఆ అమ్మాయిని తక్కువగా చూసే హక్కు నీకు లేకుండా, నిన్ను తక్కువగా చూసే హక్కు ఆమెకు లేకుండా చేస్తుంది. ఇద్దరికీ దొరికినచోటు దొరికింది, వెతుక్కుని సంపాదించినవాళ్లు ఇంకా ఎవరూ లేరు.

నువ్వు పోల్చిన ఆస్తి మాటే తీసుకుంటే, తాత ఇచ్చిన చెలకను దున్నకుండా కాగితాలు పెట్టెలో దాచుకున్నవాడికీ, అందులో దిగి దున్నినవాడికీ తేడా ఉంది. చెలక తాతదే, పంట మాత్రం దున్నినవాడిది. ఆ తేడాను మూడు మతాలూ గుర్తించాయి. యూదులు దాన్ని ఆచరణలో వెతికారు, గజాలీ అనుభవంలో, మీవాళ్లు సొంత నోటితో చేసే ఒప్పుకోలులో.

బాప్తిస్మం విషయానికి నా సలహా ఇది. ఈస్టరుకు తీసుకోవాల్సిన తొందర లేదు. ఇంట్లో గొడవ పెట్టుకోకుండా నేరుగా మీ పాస్టరుగారి దగ్గరికి పోయి, 'అయ్యగారూ, ఇంకా నా సొంతంగా ఒప్పుకునే స్థితికి రాలేదు, కొంత సమయం ఇవ్వండి' అని అడుగు. 1860 సంగతి తెలిసిన ఏ ఎం.బి. పాస్టరూ ఆ మాటను తప్పుపట్టలేరు, తెలియని ఆయనైతే నువ్వే మర్యాదగా చెప్పవచ్చు. మీ నాన్నగారికి కూడా ఇది మన చర్చి పద్ధతేనని చెప్పు, తిరుగుబాటుగా చెప్పకు. ఈలోగా యోహాను సువార్త మొదటి అధ్యాయం, రాజుల గ్రంథంలోని సొలొమోను ప్రార్థన నువ్వు చదువు. ఖురాన్ తెలుగు అనువాదాలు దొరుకుతాయి, ఆరో అధ్యాయంలో ఇబ్రాహీం నక్షత్రాన్ని చూసే భాగం ఆ అమ్మాయితో కలిసి చదవండి. ఎవరూ ఎవరినీ మార్చే ప్రయత్నం చేయకూడదని ముందే మాట అనుకోండి. ఎక్కడ ఆగిపోయారో మళ్లీ రాస్తే, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.